మొదటి ఉద్యోగంలో చేరేముందు ఇవి చూసుకోండి

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇంటర్, డిగ్రీ అయ్యాక కొత్తగా పనిలో చేరే పిల్లలకు ముందు చెప్పేది ఇదే: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదలకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, అక్కడే బ్యాగులో పెట్టుకోండి. "మా దగ్గరుంటే భద్రం" అన్నా మొహమాటపడొద్దు.

జీతం, పని గంటలు, వారం సెలవు కాగితం మీద రాయించుకోండి. లెటర్ ఇవ్వడానికి నసిగితే, మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకోండి.

మొదటి జీతం స్లిప్పును కూర్చుని చదవండి. పీఎఫ్ (రిటైరయ్యాక పనికొచ్చే పొదుపు) ఉంటే బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) మీద 12 శాతం కోస్తారు. యజమాని కూడా అంతే కట్టాలి. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించేచోట, జీతం 21,000 రూపాయలు దాటకపోతే, మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. పీఎఫ్ డబ్బు నిజంగా జమవుతోందా? ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. స్లిప్పులో కోత కనబడుతూ, నెలలు గడిచినా పాస్‌బుక్‌లో పడకపోతే గట్టిగా అడగాల్సిందే. ఉద్యోగం మారినా యూఏఎన్ (పీఎఫ్‌లో మీ గుర్తింపు నంబరు) అదే, ఇంకోటి తీసుకోవద్దు.

మన బాధ్యతలూ తక్కువేం కాదు. సెలవు కావాలంటే ముందురోజే చెప్పండి. క్యాష్ కౌంటర్ అప్పగించేటప్పుడు ఎదురుగా లెక్కపెట్టించి సంతకం తీసుకోండి, దసరా రద్దీలో అయితే మరీను. మానేయాలనుకుంటే ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవకండి. రాసిచ్చి, నోటీసు రోజులు పనిచేసి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగి తీసుకోండి.