పారిస్‌లో ప్లాస్ దె వోజ్ చూడటానికి వెళ్తున్నారా, అయితే ఈ దారిన వెళ్ళండి

పారిస్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఈఫిల్ టవర్, లూవ్ర్, వెర్సాయ్ ముందే బుక్ చేసుకుని, ప్లాస్ దె వోజ్ (నాలుగు వైపులా ఒకేలాంటి పాత ఇళ్ళు, మధ్యలో పార్కు ఉన్న చౌకు) దగ్గరికొచ్చేసరికి "దారిలో ఉంటే చూద్దాంలే" అని వదిలేస్తారు. మొదటిసారి నేనూ అలాగే చూశాను. మా టూర్ బస్సు పావుగంట టైమిచ్చింది, గేటు దగ్గర నిలబడి ఫొటోలు దిగాం, మళ్ళీ బస్సెక్కేశాం. తర్వాత ఇంకోసారి వెళ్ళి ఒక పూటంతా అక్కడే గడిపాక అర్థమైంది, ఈ చోటికి ఏ వైపు నుంచి వస్తాం, ముందు ఏది చూస్తాం అన్నదాన్ని బట్టే చూసిన తృప్తి ఉంటుందని. ఒక రెండున్నర గంటలు తీసిపెట్టుకోండి. లోపల పార్కుకి టికెట్ లేదు.

ముందుగా, ఏ రోజు వెళ్ళాలన్న సంగతి. సోమవారం వద్దు, ఎందుకంటే అక్కడున్న ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో ఇల్లు ఆ రోజు మూసేస్తారు, అది చూడకపోతే సగం పోయినట్టే. శనివారమైతే పక్క వీధిలో మనలాంటి శాకాహారులకి బాగా పనికొచ్చే ఫలాఫెల్ (శనగలు రుబ్బి వేయించిన ఉండలు) షాపులు చాలావరకు ఉండవు, యూదుల విశ్రాంతి రోజు కదా. మంగళవారం నుంచి శుక్రవారం లోపు, పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి.

మెట్రో 1వ లైనులో సెయింట్ పాల్ స్టేషన్లో దిగండి (అక్కడివాళ్ళు సాఁ పోల్ అంటారు, అనౌన్స్‌మెంట్ అలాగే వినిపిస్తుంది). ఈ లైనులో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు వీపుకి కాకుండా ముందుకి వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టొద్దు. బయటికొచ్చాక సెయింట్ ఆంత్వాన్ వీధిలో బాస్టీల్ వైపు నడుస్తుంటే ఎడమచేతి పక్కన 62వ నంబరు వస్తుంది. అదే ఓతెల్ దె స్యూలీ. ఓతెల్ అనగానే హోటల్ అనుకోకండి, పాతకాలంలో గొప్పవాళ్ళ మేడల్ని అలా పిలిచేవారు. 4వ హెన్రీ రాజు దగ్గర మంత్రిగా చేసిన స్యూలీ 1634లో కొనుక్కున్న మేడ ఇది. పగటిపూట దీని వాకిట్లోంచి ఎవరైనా నడిచి వెళ్ళొచ్చు. మొదటి వాకిలి దాటండి, వెనక తోటలోకి రండి, తోట చివర కుడి మూలన చిన్న తలుపు ఉంటుంది. నేను చెప్పే దారి అంతా ఆ తలుపు కోసమే. దాంట్లోంచి అడుగు బయట పెట్టగానే మీరు ప్లాస్ దె వోజ్ నైరుతి మూలన, వసారా నీడలో ఉంటారు, ఎదురుగా కమానుల మధ్యలోంచి చెట్లూ ఎర్రటి ఇళ్ళూ ఒక్కసారిగా కనిపిస్తాయి. తలుపు మూసి ఉంటే కంగారేం లేదు, మళ్ళీ వీధిలోకి వచ్చి ఇంకాస్త ముందుకెళ్తే ఎడమవైపు బిరాగ్ వీధి ఉంటుంది, అటు నుంచైతే ఎదురుగా రాజుగారి భవనం కింద కమానుల్లోంచి లోపలికి వస్తారు. అదీ మంచి దారే.

వచ్చారు కదా, ఇప్పుడు మధ్యలోని పార్కులోకి పరిగెత్తకండి. ముందు వసారాలోనే నాలుగు వైపులా ఒక చుట్టు తిరగండి. ఒక్కో వైపు సుమారు 140 మీటర్లు, తొమ్మిది ఇళ్ళు చొప్పున మొత్తం 36. ఎర్ర ఇటుక, అంచుల్లో లేతరంగు రాయి, పైన ఏటవాలుగా నీలం పలకల కప్పు. అన్నీ ఒకేలా ఎందుకున్నాయంటే, 1605లో 4వ హెన్రీ రాజు ఇక్కడ స్థలాలిచ్చినప్పుడు వెనక మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి, ముఖభాగం మాత్రం ఈ నమూనాలోనే ఉండాలని షరతు పెట్టాడు. పాపం, పూర్తయ్యాక చూసే రాత ఆయనకి లేదు, 1610లో హత్యకి గురయ్యాడు. 1612లో ఆయన కొడుకు 13వ లూయీకి, స్పెయిన్ రాకుమారి ఆన్‌కి నిశ్చితార్థం కుదిరిన సందర్భంగా పెద్ద ఉత్సవం చేసి దీన్ని ప్రారంభించారు. అప్పటి పేరు ప్లాస్ రాయల్. ఫ్రెంచి విప్లవం తర్వాత అందరికంటే ముందు పన్ను కట్టిన వోజ్ జిల్లాకి గౌరవంగా 1800లో ఈ పేరు పెట్టారు. ఒక జిల్లా జనం పన్ను కట్టినందుకు రాజుగారి చౌకు పేరే మారిపోవడం, నాకైతే ఇక్కడ అన్నిటికంటే నచ్చిన విషయం అదే.

నడుస్తూ గోడల్ని దగ్గర నుంచి చూడండి. కొన్ని ఇళ్ళకి ఉన్నది అసలు ఇటుక కాదు, గచ్చు పూసి, దాని మీద ఇటుకల్లాగా గీతలు గీసి రంగు వేశారు. ఒక అడుగు దూరంలో నిలబడితే తేడా తెలిసిపోతుంది. 11వ నంబరు దగ్గర స్తంభం మీద 1764 అనీ, నికోలా అనే పేరూ చెక్కి ఉంటాయి, వెతికి పట్టుకోండి, పిల్లలుంటే వాళ్ళకి అప్పజెప్పండి. నంబర్లతో తికమక పడొద్దు. ఒకటో నంబరు దక్షిణం వైపున్న రాజుగారి భవనం, అక్కడి నుంచి బేసి అంకెలు ఒక పక్కకి, సరి అంకెలు ఇంకో పక్కకి వెళ్తాయి. ఉత్తరాన ఎదురుగా ఉన్నది రాణిగారి భవనం. వసారాలో ఎవరైనా వయొలిన్ వాయిస్తుంటే తప్పకుండా ఆగండి, ఆ కప్పు కింద శబ్దం గుండ్రంగా తిరిగి వస్తుంది, వినాల్సిందే. వింటే మాత్రం ఆ పెట్టెలో ఒక నాణెం వేయండి.

ఇప్పుడు పార్కులోకి. మధ్యలో గుర్రం మీద ఉన్నది 13వ లూయీ. మొదటి విగ్రహం కంచుది, విప్లవంలో కరిగించేశారు, ఇప్పుడున్న పాలరాతి విగ్రహం 1825లో పెట్టింది. గుర్రం కడుపు కింద చూడండి, ఒక చెట్టు మొద్దు కనిపిస్తుంది. పాలరాయి బరువుకి సన్నటి కాళ్ళు ఆగవు కాబట్టి ఆ మొద్దు చెక్కి దాని మీద భారం మోపారు. అది గమనించాక ఇంకే గుర్రం విగ్రహం చూసినా ముందు నా కళ్ళు కడుపు కిందికే పోతున్నాయి.

గడ్డి మీద కూర్చోవచ్చు, వేసవిలో జనం దుప్పట్లు పరుచుకుని తింటూ, చదువుకుంటూ ఉంటారు. మీరు కూడా రూములో పులిహోర కలుపుకుని డబ్బాలో తెచ్చుకుంటే హాయిగా తినొచ్చు, వెళ్ళేటప్పుడు చెత్త మాత్రం చెత్తబుట్టలో వేయండి. చలికాలంలో "పెలూజ్ ఓ రెపో" అని బోర్డు పెడతారు, గడ్డి విశ్రాంతి తీసుకుంటోంది అని అర్థం. అది ఉన్నప్పుడు కాలు పెట్టొద్దు, బెంచీల మీదే కూర్చోండి. పిల్లలకి ఇసుకలో ఆడుకునే చోటుంది. వసారాలో ఉన్న కాఫీ షాపుల్లో రేట్లు ఎక్కువ, కూర్చునే ముందు మెనూ చూసుకోండి. షాపులోకైనా మ్యూజియంలోకైనా అడుగు పెట్టగానే ముందు "బోంజూర్" అనండి. ఆ ఒక్క మాట లేకుండా నేరుగా ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే వాళ్ళకి అది మొరటుగా అనిపిస్తుంది. నేను చూసినంతలో, ఆ మాట అన్నాక మాత్రం చాలా ఓపిగ్గా చెబుతారు.

చివరగా ఆగ్నేయ మూలన 6వ నంబరు, విక్టర్ హ్యూగో ఇల్లు. రెండో అంతస్తులో 1832 నుంచి 1848 దాకా అద్దెకున్నాడు. లే మిజరాబ్ల్ రాయడం మొదలుపెట్టింది ఈ ఇంట్లో ఉన్నప్పుడే. మన నాగయ్య గారి బీదలపాట్లు కథ ఆ నవలదే కదా, అందుకే మా నాన్నతో వెళ్ళినప్పుడు ఆయన ఆ గదుల్లోంచి ఓ పట్టాన కదల్లేదు. శాశ్వత ప్రదర్శన ఉచితం, ప్రత్యేక ఎగ్జిబిషన్లకి మాత్రం టికెట్. నిలబడి రాసుకోవడానికి పెట్టుకున్న ఎత్తైన బల్ల దగ్గర కాసేపు ఆగండి. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూడండి. ఇందాక మీరు తిరిగిన వసారా, కూర్చున్న గడ్డి, వరసగా కత్తిరించిన చెట్లు, ఇవన్నీ పై నుంచి చూస్తేనే ఆ చతురస్రం ఎంత సరిగ్గా గీశారో తెలుస్తుంది. ఈ ఇంటిని ఆఖరికి ఉంచమని చెప్పేది అందుకే. బాత్రూమ్ కూడా ఇక్కడే చూసుకుని బయల్దేరండి.

ఆకలేస్తుంటే పడమటి వైపు నుంచి బయటపడి పది నిమిషాలు నడిస్తే రోజియే వీధి వస్తుంది. పెద్ద క్యూ ఉన్న షాపు దగ్గరే నిలబడక్కర్లేదు. వేడివేడి ఫలాఫెల్, వేయించిన వంకాయ ముక్కలు రొట్టెలో కుక్కి ఇస్తారు, కారం కావాలంటే "పికాంత్" అని అడగండి.