రంజాన్ రోజాలు మొదలు కాకముందే చూసుకోవాల్సినవి

రంజాన్ సరుకులకు మన ఇళ్లల్లో పది రోజుల ముందే చీటీ రాసుకుంటాం. ఖర్జూరాలు, సేమ్యా, సబ్జా గింజలు అన్నీ ముందే ఇంటికి చేరతాయి. కానీ షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాత్రల వేళలు మార్పించే పని మాత్రం వెనక్కి పోతూ ఉంటుంది. రంజాన్‌కు ముందు నెల షాబాన్ మొదట్లోనే, కుదిరితే అంతకన్నా ముందే ఆ పని అయిపోవాలి. ఇక్కడ రాసే మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019 సంవత్సరాల్లో అది మే నెల మండుటెండల్లో వచ్చింది. అప్పుడు తిరుపతిలో ఎవరికీ ఒకరు చెప్పాల్సిన పని లేకుండానే నీళ్ల మీద ధ్యాస ఉండేది. ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలకు వచ్చేసింది. సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) వేళకు చల్లగా ఉంటుంది, దాహం అనిపించదు, అర గ్లాసు తాగి లేచేస్తారు. మధ్యాహ్నం రెండింటికి ఎండ మొదలయ్యాక చేసేదేమీ ఉండదు. సహరీ ముగిసినప్పటి నుంచి ఇఫ్తార్ (సాయంత్రం రోజా విడిచే వేళ) దాకా ఇక్కడ దాదాపు 13 గంటలు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజా (ఉపవాసం) వల్ల కిడ్నీలు పాడవుతాయని భయపడనక్కర్లేదు. నీళ్లు అందనప్పుడు కిడ్నీలు ఉన్న నీటిని పట్టి ఉంచుతాయి, అందుకే సాయంత్రానికి మూత్రం చిక్కగా పచ్చగా వస్తుంది. రాత్రి ఆ లోటు తీరితే చాలు. రాత్రి పొద్దుపోయాక కూడా రంగు తేటపడకపోతే తాగింది సరిపోలేదన్నమాట.

ఇఫ్తార్ నుంచి సహరీ లోపు ఎనిమిది నుంచి పది గ్లాసులు తాగాలి. ఒకేసారి కాదు. ఎండిన నేల మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తే పైపైనే పారిపోయినట్టు, సహరీలో గటగటా తాగిన లీటరు నీళ్లు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అయిన కాసేపటికే బయటికి పోతాయి. ఇఫ్తార్‌కు రెండు గ్లాసులు, తరావీహ్‌కు వెళ్లేముందు ఒకటి, ఆ రాత్రి నమాజు మధ్య విరామాల్లో పక్కన పెట్టుకున్న సీసాలోంచి కొంచెం కొంచెం, పడుకునేలోపు రెండు మూడు, మిగిలినవి సహరీకి. రంగు షర్బత్‌లను నీళ్ల లెక్కలో వేయకండి, అందులో ఉండేది చాలావరకు చక్కెరే. మన చిత్తూరు వైపు మసీదుల్లో పోసే గంజి మాత్రం నాకు చాలా ఇష్టమైన ఇఫ్తార్. నీళ్లు, ఉప్పు, పిండిపదార్థం మూడూ కలిసి మెల్లగా ఒంటికి పడతాయి. దాన్ని ఒక్క గుటక తాగి సమోసాల మీదికి పోవడం చూస్తే బాధేస్తుంది.

సహరీకి రాగి సంగటి, పప్పు, గుడ్డు, మజ్జిగ లాంటివి నెమ్మదిగా అరుగుతాయి. ఊరగాయ, అప్పడం, రాత్రి మిగిలిన ఉప్పటి కూర తింటే పది గంటలకే నోరు ఎండుతుంది. టీ రోజుకు ఐదారుసార్లు తాగే అలవాటున్నవాళ్లు వారం ముందు నుంచే తగ్గించుకోవాలి. మొదటి రెండు మూడు రోజాల తలనొప్పికి టీ ఆగిపోవడం ఒక పెద్ద కారణం. ఆ తలనొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కొని మింగకండి. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఆటో నడిపేవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు, బిర్యానీ హోటళ్ల వంటగదుల్లో, హలీం బట్టీల దగ్గర నిలబడేవాళ్లు బరువు పనిని పదకొండు లోపు ముగించేలా మేస్త్రీతోనో ఓనరుతోనో ముందే మాట్లాడుకోవాలి. లేచి నిలబడగానే కళ్లు తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, మాట తడబడినా అక్కడికక్కడే నీళ్లు తాగించి నీడకు చేర్చి 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

అన్నిటికన్నా నాకు దిగులు పుట్టించేది షుగర్. 13 దేశాల్లో చేసిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో ఆసుపత్రిలో చేరేంతగా షుగర్ పడిపోవడం రంజాన్‌లో మిగతా నెలలకన్నా ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. ఉదయం మాత్రను మామూలుగా సహరీలో వేసుకుని, మధ్యాహ్నం తిండి లేకపోతే అదే జరుగుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ ఈ విషయంలో ఎక్కువ ప్రమాదం. సాధారణంగా ఉదయపు మోతాదును ఇఫ్తార్‌కు మార్చి, సహరీది తగ్గిస్తారు, కానీ ఎంత తగ్గించాలో మీ రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి. పక్కింటివాళ్ల చీటీ మనకు పనికిరాదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు, మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు నీళ్లను బయటికి లాగేస్తాయి. వాటి గురించి విడిగా అడగండి.

వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసుకుంటే రోజా పోదని పండితులు చెబుతున్నారు. అయినా ఆ భయంతోనే మీటర్ ముట్టనివాళ్లు ఉన్నారు. పదకొండు గంటలకు ఒకసారి, మూడు నాలుగు మధ్య ఒకసారి చూడండి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా ఆగకూడదు. పెద్దవాళ్లు ఇక్కడే మొండికేస్తారు: ఇన్నేళ్లు ఒక్కటీ వదల్లేదు, ఇప్పుడెలా అని. వాళ్ల బాధ నిజమైనదే, కసురుకోకండి. ఖురాన్‌లోని బఖరా సూరా 184, 185 వాక్యాల్లో జబ్బుపడినవాళ్లకూ ప్రయాణంలో ఉన్నవాళ్లకూ ఇచ్చిన సడలింపును గుర్తు చేయండి. వదిలిన రోజాలను తర్వాత ఉండి లెక్క తీర్చుకోవచ్చు, ఎప్పటికీ ఉండలేనివాళ్లకు ఫిద్యా (బదులుగా పేదలకు అన్నం పెట్టడం) ఉంది. "అమ్మీ, 62 చూపిస్తోంది, ఈ గ్లాసు తాగు, అల్లా ఇచ్చిన అనుమతే కదా" అని చేతికివ్వండి. ఈ మాట మసీదులో ఇమామ్‌ సాబ్ నోట ముందే వినిపిస్తే ఇంట్లో పని సులువవుతుంది.

టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు రోజా ఉండకపోవడమే క్షేమం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా మినహాయింపు ఉంది. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే వెంటనే రోజా విరమించి ఆసుపత్రికి వెళ్లాలి. రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు, అంటే కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, ఖర్జూరాలు, కొబ్బరినీళ్లు డాక్టరును అడిగే తీసుకోవాలి, రెండిటిలోనూ పొటాషియం ఎక్కువ.

డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే ఇంకొకటి కూడా రాయించుకోండి: ఈద్ ఉదయం నుంచి మాత్రలు మళ్లీ ఏ వేళకు, ఎంత మోతాదులో వేసుకోవాలో. షీర్ ఖుర్మా పాయసం గిన్నెలు తిరిగే రోజున, రంజాన్ కోసం తగ్గించిన మాత్రతోనే గడిపేసేవాళ్లు చాలామంది.