ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ – 5వ పాఠం: కాగితం వదిలే రోజులు

కిందటి పాఠంలో ప్రతి విభాగంలో పని ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుందో గీశాం. ఈ పాఠంలో ఆ గీతను పట్టుకుని కాగితం నుంచి తెర మీదికి మారదాం. ఉదాహరణకు 100 పడకల ఆసుపత్రిని తీసుకుందాం. రోజుకు ఓపీ 400 మంది, పడకల మీద సగటున 80 మంది, వార్డులు ఆరు. ఇప్పటిదాకా అక్కడ అంతా రిజిస్టర్లు, కేస్ షీట్లే.

ముందుగా ఒక పాత ఉదంతం. 2002 అక్టోబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి డాక్టర్ల ఆర్డర్లన్నిటినీ (మందులు, పరీక్షల కోసం రాసే ఆదేశాలు) ఆరు రోజుల్లో కంప్యూటర్‌కు మార్చింది. వేరే ఆసుపత్రుల నుంచి తరలించిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంతకుముందు అంబులెన్సు దారిలో ఉండగానే డాక్టర్ మందులు రాసి సిద్ధం చేయించేవారు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, పేరు నమోదైతే తప్ప ఆర్డర్ పెట్టే వీల్లేదు. చేత్తో కొన్ని క్షణాల్లో రాసే ఆర్డర్‌కు ఒకటి రెండు నిమిషాలు పట్టింది. మందులను ఐసీయూలో కాకుండా కేంద్ర ఫార్మసీలో పెట్టారు. అదే సాఫ్ట్‌వేర్‌ను తర్వాత సియాటిల్ పిల్లల ఆసుపత్రి పెట్టుకుంది. ఐసీయూకు కావాల్సిన ఆర్డర్ల సెట్లు (తరచూ కలిపి రాసే ఆర్డర్ల జాబితాలు) ముందే తయారుచేసుకుంది. అక్కడ మరణాలు పెరగలేదని 2006 నాటి అధ్యయనం చెప్పింది. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుందో మీరే చూడండి: ఎవరు, ఏ నిమిషంలో, ఏ పని చేయాలన్న ఏర్పాటులో. ఈ పాఠమంతా ఆ నిమిషాల గురించే.

ఏది ముందు, ఏది వెనక

మన ఉదాహరణలోని ఆసుపత్రి అన్నీ ఒకే రోజు మార్చకూడదు. శనివారం రాత్రి ఫార్మసీ నిల్వ లెక్కించి, ఓపీ లేని ఆదివారం ఫార్మసీ బిల్లింగ్ మొదలుపెట్టండి. ఓపీ రిజిస్ట్రేషన్‌ను బుధవారం మార్చండి. సోమవారం వద్దు, వారంలో రద్దీ ఎక్కువగా ఉండేది ఆ రోజే. ల్యాబ్ రెండో వారం, వార్డుల్లో మందుల ఆర్డర్లు మూడో వారం. నెలాఖరు, సంక్రాంతి, దసరా ముందు వారాలు, డెంగీ జ్వరాలతో వార్డులు నిండే వానాకాలం వదిలేయండి.

విడతలుగా మారితే చిక్కు ఒకటుంది. కాగితం, తెర రెండూ నడిచే రోజుల్లో ఏది ప్రమాణమో తెలియక గొడవలొస్తాయి. అందుకే ప్రతి విడతకు ఒక్క వాక్యం రాసి వార్డు గోడకు అంటించండి: ‘15వ తేదీ దాకా మందులకు కాగితం చార్టే ప్రమాణం, బిల్లుకు తెరే ప్రమాణం.’ బిల్లు విషయంలో వారం పాటు రెండూ నడిపి సరిచూసుకోవచ్చు. మందుల విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా రెండూ నడపకూడదు. రెండు చార్టులుంటే ఒక సిస్టర్ ఒకటి చూసి, ఇంకో సిస్టర్ ఇంకోటి చూసి ఒకే డోసు రెండుసార్లు ఇచ్చే ప్రమాదముంది.

కౌంటర్ లెక్క

ఓపీ 400లో 60 శాతం, అంటే 240 మంది, పొద్దున 8:30 నుంచి 10:30 లోపు వస్తారనుకుందాం. పూర్తి నమోదుకు మూడు నిమిషాలు, ముందే నమోదైన వారికి ఒక నిమిషం. అందరూ చేసే పొరపాటు, పాత రోగులకు ఒక నిమిషమే కదా అని లెక్కవేయడం. మొదటి రోజు సాఫ్ట్‌వేర్‌కు పాత రోగి అంటూ ఎవరూ లేరు, అందరూ కొత్తవారే. 240 మందికి మూడేసి చొప్పున 720 నిమిషాలు. 120 నిమిషాల్లో అది పూర్తికావాలంటే ఆరు కౌంటర్లు కావాలి. చేయి తిరగని వాళ్లకు ఐదేసి నిమిషాలు పడితే పది కౌంటర్లు. ఉన్నవి నాలుగే. తొమ్మిదింటికే వరండా నిండిపోతుంది, గంట తర్వాత ఎవరో ఒకరు పాత పుస్తకం తెరుస్తారు.

దీనికి రెండు పనులు చేయాలి. మొదటి వారం ఐదు వివరాలే తీసుకోండి: పేరు, వయసు, ఆడా మగా, ఫోన్ నంబరు, ఊరు-మండలం. నమోదు రెండు నిమిషాలకు తగ్గుతుంది. రెండోది, మార్పుకు రెండు వారాల ముందు నుంచే ఫార్మసీ వరుసలో నిలబడ్డ వారి దగ్గరికి ట్యాబ్ తీసుకెళ్లి నమోదు చేయడం మొదలుపెట్టండి. అక్కడ వాళ్లు ఎలాగూ ఎదురుచూస్తుంటారు. మొదటి రోజు వచ్చేవారిలో మూడో వంతు, అంటే 80 మంది ముందే నమోదై ఉంటే 80 నిమిషాలు, మిగతా 160 మందికి 320 నిమిషాలు, మొత్తం 400. నాలుగు కౌంటర్లకు ఉన్న 480 నిమిషాల్లో ఇది ఇముడుతుంది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కోవడానికీ, గొంతు పెంచే వాళ్లకు సర్దిచెప్పడానికీ 80 నిమిషాలు మిగులుతాయి. ఆభా సంఖ్య (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా సంఖ్య) ఉన్నవారు ఫోన్‌తో స్కాన్ చేసి తమ వివరాలు పంపే ‘స్కాన్ అండ్ షేర్’ క్యూఆర్ పెడితే ఇంకొంత భారం తగ్గుతుంది. కానీ మొదటి వారం లెక్కలో దాన్ని కలపొద్దు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లే ఎక్కువమంది వస్తారు.

ఒకే మనిషికి రెండు రోగి నంబర్లు పడడం మన దగ్గర మహా సులువు. ఒకసారి ఇంటిపేరు ముందు, ఇంకోసారి వెనక. ఒక కౌంటర్లో వెంకటేశ్వర్లు, పక్క కౌంటర్లో వెంకటేశ్వరరావు. ఒక ఊళ్లో నలుగురు లక్ష్ములు. ఇంటిల్లిపాదికీ కొడుకు ఫోన్ నంబరే. అందుకని మొదట ఫోన్ నంబరుతో వెతకాలి, వచ్చిన పేర్లలో ఈ మనిషి ఎవరో వయసు, ఊరు అడిగి తేల్చాలి, వాళ్లెవరూ కాకపోతేనే కొత్త నంబరు ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ, వైద్య సేవ కింద చేరేవారి పేరు కార్డులో ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి. అక్షరం తేడా వచ్చినా క్లెయిమ్ దగ్గర ప్రశ్న వస్తుంది. రోజూ సాయంత్రం ఒకే ఫోన్ నంబరు మీదున్న పేర్ల జాబితా తీసి, జంట నంబర్లను మెడికల్ రికార్డ్స్ వాళ్లే కలపాలి. కౌంటర్‌కు ఆ అధికారం ఇవ్వొద్దు. తప్పుగా కలిపిన రెండు రికార్డులను విడదీయడం చాలా కష్టం.

అత్యవసర విభాగానికి వేరే ఏర్పాటు ఉండాలి. పిట్స్‌బర్గ్ పాఠం నేరుగా పనికొచ్చేది ఇక్కడే. ‘గుర్తు తెలియని పురుషుడు’, ‘గుర్తు తెలియని స్త్రీ’ పేర్లతో పదేసి నంబర్లు ముందే సృష్టించి, చేతి పట్టీలు ముద్రించి క్యాజువాల్టీ డ్రాయర్లో పెట్టండి. స్ట్రెచర్ రాగానే పట్టీ కట్టి ఆర్డర్లు పెట్టొచ్చు, అసలు పేరు తర్వాత చేర్చుకోవచ్చు.

ఫార్మసీ నిల్వ

లెక్కింపు ఒక రాత్రిలో అయిపోతుంది. దాన్ని చెడగొట్టేది కొలమానం. పారాసెటమాల్ 650 స్ట్రిప్‌లో తరచూ 15 మాత్రలుంటాయి, చాలా మందుల స్ట్రిప్‌లో 10. మాస్టర్‌లో (సాఫ్ట్‌వేర్‌లోని మందుల మూల జాబితాలో) అన్నిటికీ 10 అని ఉంటే 100 స్ట్రిప్‌లు 1000 మాత్రలుగా ఎక్కుతాయి. ఉన్నవి 1500. కొద్ది రోజులకు తెర మీద నిల్వ సున్నా అవుతుంది, అరలో ఇంకా 500 ఉంటాయి, బిల్లు కొట్టనివ్వదు. ఫార్మసిస్ట్ చీటీ మీద రాసిస్తాడు, అక్కడితో లెక్క చెదిరిపోతుంది. ఎక్కువగా అమ్ముడుపోయే 200 మందులకు స్ట్రిప్ చేత్తో పట్టుకుని చూసి మరీ సంఖ్య సరిచేయండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒకరు చదవాలి, ఇంకొకరు ఎక్కించాలి.

వార్డుల్లో మందుల చార్టు మార్చే రాత్రి

మొత్తం పనిలో ప్రమాదమెక్కువ ఇక్కడే. 80 మందికి తలా ఎనిమిది ఆర్డర్లనుకుంటే 640. ఒక్కోదానికి ఎక్కించి సరిచూడ్డానికి నిమిషంన్నర చొప్పున 960 నిమిషాలు, అంటే 16 గంటలు. ఒక డాక్టర్, ఒక సిస్టర్ జంటగా నాలుగు జంటలు పనిచేస్తే నాలుగు గంటలు. రాత్రి 10 గంటల డోసులు పూర్తయ్యాక మొదలుపెట్టి, పొద్దున 6 గంటల డోసుల లోపు ముగించాలి.

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 12 గంటలకోసారి అని ఆర్డర్ ఉందనుకోండి. రాత్రి 10 గంటలకు ఇచ్చేశారు. ఒంటి గంటకు జంట ఆ ఆర్డర్‌ను తెర మీద ఎక్కించింది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ‘మొదటి డోసు ఇప్పుడే’ అన్నది ముందే టిక్ పెట్టి ఉంటుంది. దాంతో ఒంటి గంటకు డోసు ఇవ్వాలని తెర చూపిస్తుంది, నైట్ సిస్టర్ నమ్మి ఇచ్చేస్తుంది. సెఫ్ట్రియాక్సోన్‌తో అది జరిగితే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఇన్సులిన్, హెపారిన్, జెంటామైసిన్‌తో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ టిక్‌ను ముందే తీసేయించండి. ప్రతి ఆర్డర్‌కు ‘చివరి డోసు ఎప్పుడు, తర్వాతి డోసు ఎప్పుడు’ అని సిస్టర్ పైకి చదివి చెప్పాలి. పూర్తయిన కాగితం చార్టు మీద అడ్డంగా గీత గీసి, టైము వేసి, ఇద్దరూ సంతకం చేసి, మంచం దగ్గర నుంచి ఆ చార్టు తీసేయాలి. ఇన్సులిన్, హెపారిన్, జెంటామైసిన్ ఆర్డర్లను ఇంకో సిస్టర్ కూడా సరిచూడాలి.

రౌండ్లలో పెద్ద డాక్టర్ నోటితో చెప్పింది ఎవరు ఎక్కించాలన్నది కూడా ఆ రాత్రికి ముందే తేల్చండి. తేల్చకపోతే డాక్టర్ పాస్‌వర్డు హెడ్ నర్స్ దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత ఏ ఆర్డర్ ఎవరిదో చెప్పలేం. లాగిన్‌కు పది సెకన్లకు మించి పడితే ఎంత చెప్పినా పాస్‌వర్డులు పంచుకుంటూనే ఉంటారు. ముందు ఆ సమయం తగ్గించండి.

కరెంటు, నెట్‌వర్క్

కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీదే ఉంటాయి. కానీ వార్డు వరండాలో ఫాల్స్ సీలింగ్ పైన పెట్టిన నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కలిపే పెట్టె) మాత్రం మామూలు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొద్ది సెకన్లలో అది ఆగిపోతుంది, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తెర వెలుగుతూనే ఉంటుంది, ఏ బటన్ నొక్కినా కదలదు. అందరూ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. మార్పుకు వారం ముందు, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, డాక్టర్లకు చెప్పి, ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు మెయిన్ ఆపి చూడండి. ఏ నెట్‌వర్క్ స్విచ్ ఆగిపోయిందో అక్కడికక్కడే తెలుస్తుంది.

కంప్యూటర్లు పూర్తిగా ఆగిపోతే ఏంచేయాలో కూడా సాధన చేయాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగి ఐదు సర్వర్లు దెబ్బతిన్నప్పుడు రోజుల తరబడి చేతిరాతతోనే నడపాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ప్రతి వార్డులో ఒక పెట్టె ఉండాలి: 20 ఖాళీ చార్టులు, ల్యాబ్ చీటీలు, వేరే వరుస సంఖ్యలతో అచ్చువేసిన రిజిస్ట్రేషన్ ఫారాలు. రోగుల మందుల జాబితా నాలుగు గంటలకోసారి సర్వర్‌తో సంబంధం లేని ఒక కంప్యూటర్లోకి దానంతటదే చేరేలా పెట్టండి. బ్యాకప్ ఒక కాపీ నెట్‌వర్క్‌కు దూరంగా ఉండాలి. దాని నుంచి డేటా తిరిగి ఎక్కించి చూడనిదే అది బ్యాకప్ అనుకోవద్దు.

వార్డుకు, షిఫ్టుకు ఒకరు చొప్పున సాఫ్ట్‌వేర్ బాగా తెలిసిన సిస్టర్లు 18 మంది కావాలి. వారపు సెలవు కలుపుకుంటే 21. ఆ వారం వాళ్లకు రోగులను కేటాయించొద్దు. ఖర్చు తగ్గించాలని అందరూ మొదట కత్తిరించేది దీన్నే, మొదట దెబ్బతినేదీ ఇక్కడే. పొద్దున 8కి, సాయంత్రం 4కి పావుగంట సమావేశం పెట్టండి. రోగికి హాని చేసే సమస్య, పని ఆపే సమస్య, విసిగించే సమస్య అని మూడు వరుసలుగా రాసుకోండి. మొదటి వరుసలోది గంటలో తేలకపోతే ఆ విభాగం కాగితానికి వెళ్లాలి. ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో పేరుతో సహా ముందే రాసిపెట్టాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషికి కాదు, మెడికల్ సూపరింటెండెంట్‌కు.

సాధన

మీ ఆసుపత్రిలో ఒక సోమవారం, ఒక బుధవారం పొద్దున 8:30 నుంచి 10:30 దాకా పావుగంటకు ఎంతమంది కౌంటర్‌కు వచ్చారో లెక్కపెట్టండి. పైన చూపిన పద్ధతిలో ఎన్ని కౌంటర్లు కావాలో వేయండి. ఒక వార్డులో పది చార్టులు తీసుకుని సగటున ఎన్ని ఆర్డర్లున్నాయో, ఏ గంటలో డోసులు తక్కువో రాయండి. ఆరో పాఠంలో ల్యాబ్ యంత్రాలను కలపడం, బార్‌కోడ్‌ను రిసెప్షన్‌లో కాకుండా మంచం పక్కనే ఎందుకు ముద్రించాలో చూద్దాం. ఈ రెండు కాగితాలు అప్పుడు చేతిలో ఉండాలి.