బేస్ ట్రాక్‌ను చెవితో చదవడం – 4: ఫైలు పుట్టుక తేలకుండా గిటార్ పేరెత్తొద్దు

పోయిన పాఠం చివర చిన్న బేస్ గిటార్ ముక్క ఒకటి ఇచ్చి, ఇందులో ఏం వినిపిస్తోందో రాయమన్నాను. చాలామంది ఆ ప్రశ్నను ‘ఇది ఏ గిటార్?’ అని చదువుకున్నారు. జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: రికెన్‌బ్యాకర్ 4001. ఒకరైతే అది ఏ ఏడాది తయారైందో కూడా చెప్పేశారు. అది రికెన్‌బ్యాకర్ కాదు, ఫెండర్ ప్రెసిషన్. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి సన్న తీగ చుట్టినవి), మందపాటి పిక్ (మీటే ముక్క), చెయ్యి బ్రిడ్జికి (తీగలు ఆనే కింది చివరకు) దగ్గరగా, యాంప్‌లో కాస్త ఓవర్‌డ్రైవ్ (గరుకుతనం). అంతే.

ఎందుకు పప్పులో కాలేశారో తెలుసు. యెస్ బ్యాండ్ బేసిస్టు క్రిస్ స్క్వైర్, రష్ బ్యాండ్ బేసిస్టు గెడ్డీ లీ 1970లలో రికెన్‌బ్యాకర్‌తో తెచ్చిన ఆ ఖంగుమనే శబ్దం అందరి చెవుల్లో ఉంది. ఖంగుమంటే చాలు, ఆ పేరు నోటికొచ్చేస్తుంది. కానీ ఖంగుమనేది గిటార్ కాదు, తీగ. గట్టిగా మీటిన కొత్త తీగ ఫ్రెట్లకు (మెడ మీది లోహపు కమ్మీలకు) తగిలితే దాదాపు ఏ బేస్ అయినా అలాగే మోగుతుంది.

ఈసారి యాంపుల గురించి చెబుదామనుకున్నాను. అది వాయిదా. ముందు దీన్ని తేల్చుకోకపోతే యాంప్ పాఠం తర్వాత కూడా ఇవే జవాబులొస్తాయి, వాటికి యాంప్ పేర్లు తోడవుతాయి.

మనం నడవాల్సిన వరస ఇదీ. ముందు ఆ ఫైలు ఎక్కణ్నుంచి వచ్చింది. తర్వాత తీగ, చెయ్యి. ఆపైన యాంప్ ముందు మైక్ పెట్టారా, డీఐతో (యాంప్, మైక్ లేకుండా గిటార్‌ను నేరుగా కలిపి) రికార్డు చేశారా అన్నది. గిటార్ బ్రాండు అన్నిటికంటే చివర, అదీ వీలైతేనే. నా మట్టుకు నేను పదిలో ఎనిమిదిసార్లు బ్రాండు దాకా వెళ్లను, వెళ్లాల్సిన పనీ ఉండదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో 41 హెర్ట్జ్ (బేస్ లోతైన తీగ స్వరం) రాదు లాంటివి మళ్లీ చెప్పను.

ఫైలు ఎక్కడిది?

‘ఐసొలేటెడ్ బేస్’ (పాటలోని బేస్ ఒక్కటే విడిగా) అని పేరు పెట్టుకుని తిరిగే ఫైళ్లు నాలుగు చోట్ల నుంచి వస్తాయి. స్టూడియో మల్టీట్రాక్ టేపు (ఒక్కో వాయిద్యం విడి ట్రాక్‌లో ఉండేది) నుంచి బయటికొచ్చినవి మొదటి రకం, ఇవి అరుదు. రెండోది మ్యూజిక్ గేములు. 2007లో వచ్చిన రాక్ బ్యాండ్ లాంటి గేముల్లో ఆటగాడు తప్పు నొక్కితే అతని వాయిద్యం ఒక్కటే ఆగిపోవాలి, కాబట్టి బేస్ విడి ట్రాక్‌గా ఉండి తీరాలి. అభిమానులు వాటిని గేము ఫైళ్లలోంచి బయటికి లాగారు. మూడోది సాఫ్ట్‌వేర్‌తో మిక్స్‌లోంచి (అన్నీ కలిపిన పాటలోంచి) విడదీసింది. డీజర్ సంస్థ ఇలా విడదీసే స్ప్లీటర్‌ను 2019 నవంబర్‌లో విడుదల చేసింది, ఫేస్‌బుక్ పరిశోధకుల డీమక్స్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. అప్పటినుంచి ఈ పని ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. నాలుగోది ఎవరో మళ్లీ వాయించి ‘ఒరిజినల్’ అని పెట్టినది.

నేను వాడే అడ్డదారి ఒకటి చెబుతాను. ఫైలు 2019కి ముందే నెట్‌లో తిరుగుతూ, నాణ్యంగా కూడా ఉంటే, అది సాఫ్ట్‌వేర్ విడదీసింది అయ్యే అవకాశం చాలా తక్కువ. గేముదో, టేపుదో, ఎవరో వాయించిందో అయి ఉంటుంది. సగం వాదనలు ఇక్కడే ఆగిపోతాయి.

మెటాలికా 1988 ఆల్బమ్ ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ చూడండి. అందులో జేసన్ న్యూస్టెడ్ బేస్ దాదాపు వినపడదన్నది రాక్ అభిమానులందరికీ తెలిసిన గోల. మిక్స్‌లో లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? ఆ ఆల్బమ్ పాటకు శుభ్రమైన, ఒక్కో మీటు విడిగా వినిపించే బేస్ ఫైలు మీ చేతికొస్తే, అది మిక్స్‌ను విడదీసి తెచ్చింది కాదని విన్న వెంటనే అనుకోవచ్చు. 2009లో వచ్చిన గిటార్ హీరో: మెటాలికా గేములో ఆ ఆల్బమ్‌లోని కొన్ని పాటలకు విడి ట్రాకులు దొరికాయి. అభిమానులు అలాంటి ట్రాకులతో బేస్ పెంచి సొంత మిక్స్‌లు చేసుకున్నారు.

స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మ) చూసే అలవాటున్నవాళ్లకు ఇంకొకటి. స్ప్లీటర్ మామూలు మోడల్ 11 కిలోహెర్ట్జ్ వరకే పని చేస్తుంది. పిక్ శబ్దం అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగితే మాత్రం అది తక్కువ బిట్‌రేట్ ఎంపీ3 గుర్తు. దాంతో ఫేక్ అని తేలదు, ఒరిజినల్ అనీ తేలదు.

‘వెనక డ్రమ్స్ వినిపిస్తున్నాయి, కాబట్టి ఫేక్’

పోయిన పాఠానికి వచ్చిన జవాబుల్లో ఇదీ చాలాసార్లు కనిపించింది. డ్రమ్స్ వినపడటం దేన్నీ తేల్చదు. ఎలా వినపడుతున్నాయన్నదే తేలుస్తుంది.

బేస్ యాంప్ ముందు మైక్ పెట్టి, అదే గదిలో డ్రమ్స్ వాయిస్తే ఆ చప్పుడు మైక్‌లోకి దూరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. అంటే మూడు మీటర్ల అవతలి స్నేర్ డ్రమ్ చప్పుడు ఈ మైక్‌కు దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా, గది ప్రతిధ్వని కలుపుకుని, మొద్దుగా చేరుతుంది. ముఖ్యంగా, బేస్ ఆగినప్పుడు కూడా అది అలాగే వినపడుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లీకు అలా ఉండదు. బేస్ స్వరం మోగుతున్నంతసేపే కిక్ డ్రమ్ దానికి అతుక్కుని వస్తుంది, స్వరం ఆగగానే మాయమవుతుంది. సింబల్ (డ్రమ్స్‌లోని తాళం) అయితే నీళ్లలోంచి వస్తున్నట్టు గలగలమంటుంది. ఖాళీల్లో టేపు హిస్ (టేపు సన్నని బుస) కూడా మింగేసినట్టు నిశ్శబ్దం. గేము ట్రాకుల్లో కూడా ఖాళీలు శుభ్రం చేసి ఉండొచ్చు కాబట్టి ఒక్క నిశ్శబ్దాన్ని పట్టుకుని తీర్పు ఇవ్వొద్దు.

డీఐ ట్రాక్‌లో గది ఉండదు. అమెరికా రికార్డు సంస్థ మోటౌన్‌లో బేసిస్టు జేమ్స్ జేమర్సన్ బేస్‌ను నేరుగా కన్సోల్‌లోకి పంపి రికార్డు చేసేవారు. అలాంటి ట్రాక్‌లో డ్రమ్స్ లేవని ఆశ్చర్యపోవడం దండగ.

అసలు చిరాకు: ‘నల్ టెస్ట్ పాసైంది’

ఇక దీనిమీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. ఎందుకంటే దీన్ని తలకిందులుగా వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నల్ టెస్ట్ తెలిసిందే. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట వేస్తారు, దాని కింద బేస్ ఫైలు వేస్తారు, రెండిటి మొదళ్లు కలుపుతారు, బేస్‌ను ఇన్వర్ట్ చేసి (అలను తలకిందులు చేసి) రెండూ కలిపి మోగిస్తారు. పాటలోంచి బేస్ పూర్తిగా మాయమైతే ‘చూశారా, పాటలో ఉన్నది సరిగ్గా ఇదే, కాబట్టి ఇది ఒరిజినల్ మల్టీట్రాక్’ అంటారు.

కాదు. బేస్ అంత శుభ్రంగా మాయమైందంటే ఆ ఫైలు ఆ పాట మిక్స్‌లోంచే విడదీసింది అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఒక్కసారి ఆలోచించండి. టేపు మీది బేస్‌కూ, మీరు కొన్న పాటలోని బేస్‌కూ మధ్య ఏమేం జరిగాయి? మిక్స్‌లో ఈక్యూ (స్వరాల మోతాదు మార్చేది) వేశారు, కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణిచేది) వేశారు, ఫేడర్ (శబ్దం పెంచే మీట) పైకీ కిందకీ జరిపారు. తర్వాత మొత్తం మిక్స్ మీద ఇంకో కంప్రెసర్. అది కిక్ పడినప్పుడల్లా బేస్‌ను కూడా కిందికి నొక్కుతుంది. ఆపైన మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు). ఇన్ని దాటాక ముడి ట్రాక్ పాటలోని బేస్‌తో అచ్చంగా ఎలా సరిపోతుంది?

లెక్కతో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. రెండు ఫైళ్ల మధ్య స్థాయిలో ఒక్క డెసిబెల్ తేడా ఉందనుకుందాం, మిగతాదంతా ఒకటే. అప్పుడు కూడా బేస్ మాయం కాదు, సుమారు 19 డెసిబెల్ తగ్గి మిగిలిపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో హాయిగా వినపడుతుంది. సమయం విషయానికొస్తే ఒక మిల్లీసెకను జరిగితే 500 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా అర అల జరిగినట్టు. అక్కడ శబ్దం తగ్గకపోగా 6 డెసిబెల్ పెరుగుతుంది. అనలాగ్ టేపు ఎక్కించిన ప్రతిసారీ వేగంలో చిన్న ఊగిసలాట ఉంటుంది. మల్టీట్రాక్‌ను విడిగా డిజిటల్ చేస్తే, అది పాట పొడుగునా విడుదలైన మిక్స్‌తో మిల్లీసెకను లోపు నిలబడటం కల్ల. మొదట్లో కలుస్తుంది, రెండో చరణానికల్లా జారిపోతుంది.

సాఫ్ట్‌వేర్ విడదీసిన బేస్ పుట్టిందే ఆ మిక్స్‌లోంచి. అందులో ఆ ఈక్యూ, ఆ కంప్రెషన్, ఆ మాస్టరింగ్ అన్నీ అలాగే ఉంటాయి. మిక్స్ లోంచి తీసిన వాటా కాబట్టి మిక్స్‌లోంచి తీసేస్తే పోతుంది. దాంట్లో వింతేముంది? గేము ట్రాకులు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. కొన్నిటిని గేము కోసం మళ్లీ మిక్స్ చేశారు, కొన్ని అసలు మిక్స్‌కు దగ్గరగా ఉంటాయి. చాలావరకు కొంత తగ్గుతాయి కానీ పూర్తిగా మాయం కావు.

కాబట్టి నల్ టెస్ట్ ఫలితాన్ని ఇలా చదవండి: పూర్తిగా మాయమైతే విడదీసింది అయ్యే అవకాశం ఎక్కువ, సగం సగం తగ్గి మెల్లగా జారిపోతే నిజంగా అదే వాయింపు అయ్యుండొచ్చు, అసలు తగ్గకపోతే ఎవరో మళ్లీ వాయించింది అయ్యుండొచ్చు. మళ్లీ వాయించినదాన్ని పట్టుకోవడానికి నల్ టెస్ట్ అక్కర్లేదు కూడా. పాటలో బేసిస్టు ఎక్కడో ఒకచోట స్వరం జారవిడుస్తాడు, తీగ మీద వేలు కీచుమనిపిస్తాడు. ఫైలులో కూడా అదే చోట అదే కీచు ఉందా లేదా చూడండి చాలు.

ఇంకో చిన్న ఆధారం: కరెంటు గుర్రు. బ్రిటన్‌లో 50 హెర్ట్జ్, అమెరికాలో 60 హెర్ట్జ్. లండన్‌లో రికార్డయిన పాట అంటూ ఇచ్చిన ఫైలులో 60 హెర్ట్జ్ గీత పాట పొడుగునా కనిపిస్తే, ఏదో తేడా ఉన్నట్టే. అయితే టేపు వేగం పెంచితే గుర్రు కూడా పెరుగుతుంది. ఒక అర్ధస్వరం పెంచిన పాటలో 50 కాస్తా 53 అవుతుంది. అలా కనిపిస్తే సంతోషించండి, టేపు వేగం మార్చారన్న ఆధారం కూడా ఉచితంగా దొరికింది.

ఇప్పుడు చెయ్యి

రికెన్‌బ్యాకర్ అన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలి. ప్రతి స్వరంలో దాని రెండింతలు, మూడింతల హెర్ట్జ్ ఉన్న పై స్వరాలు కూడా ఉంటాయి, వాటినే హార్మోనిక్స్ అంటారు. తీగను ఏ చోట మీటితే ఆ చోట నిశ్చలంగా ఉండే హార్మోనిక్స్ పుట్టవు. తీగ పొడవు 34 అంగుళాలున్న బేస్ మీద ఇ తీగ ఖాళీగా (ఏ ఫ్రెట్ నొక్కకుండా) 41.2 హెర్ట్జ్. బ్రిడ్జి నుంచి 8.5 అంగుళాల దగ్గర, అంటే నాలుగో వంతులో మీటితే నాలుగో హార్మోనిక్ పోతుంది. అది 165 హెర్ట్జ్. చెయ్యి కదపకుండా ఐదో ఫ్రెట్ నొక్కండి. తీగ పొట్టిదైంది, స్వరం 55 హెర్ట్జ్, చెయ్యి ఇప్పుడు మూడో వంతులో ఉంది, మూడో హార్మోనిక్ పోతుంది. 55ను మూడుతో గుణిస్తే మళ్లీ 165. పన్నెండో ఫ్రెట్ దగ్గర కూడా లెక్క అక్కడికే వస్తుంది.

అంటే ఒక తీగ మీద చెయ్యి కదలనంతసేపు స్పెక్ట్రమ్‌లో గుంట ఒకేచోట ఉంటుంది. చిక్కేమిటంటే, పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంత భాగం) కూడా తానున్న చోట నిశ్చలంగా ఉండే హార్మోనిక్స్‌ను వినలేదు కాబట్టి అదీ ఇలాంటి గుంటే తవ్వుతుంది. తేడా ఒక్కటే: పికప్ గిటార్‌కు బిగించి ఉంటుంది, చెయ్యి జరుగుతుంది. పల్లవికీ చరణానికీ మధ్య జరిగే గుంట చెయ్యిది, పాటంతా కదలనిది పికప్‌ది కావచ్చు. ఇంత చూసి పికప్ ఎక్కడుందో అంచనా కట్టాక గిటార్ పేరు గురించి ఆలోచిస్తే ఆ మాటకు బలం ఉంటుంది.

తీగ వయసు ఇంకా తేలిక. పైన మెరుపు, వెనక సన్నని గరగర ఉంటే కొత్త రౌండ్‌వౌండ్. మొద్దుగా, త్వరగా ఆగిపోతే పాతబడిందో, ఫ్లాట్‌వౌండో (చదునైన తీగ చుట్టిన నున్నటి రకం). జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవారు, వాటి మోత తగ్గేలా బ్రిడ్జి దగ్గర స్పాంజి కూడా ఉండేది.

తేదీలు మాత్రం బుర్రలో ఉంచుకోండి, నోరు జారకుండా కాపాడతాయి. ఫెండర్ ప్రెసిషన్ 1951, జాజ్ బేస్ 1960, ఆంపెగ్ ఎస్‌వీటీ యాంప్ 1969, మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 1976, సాన్స్‌యాంప్ పెడల్ 1989. 1974 నాటి రికార్డు మీద స్టింగ్‌రే విన్నానని రాసిన పాఠకుడికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన రాక్ పాట ఒకటి తీసుకుని, మీరే సాఫ్ట్‌వేర్‌తో బేస్ విడదీయండి. మొదటి బార్ (తాళం ఆవర్తం) నుంచి చివరి బార్ దాకా, ప్రతి బార్‌లో ఏం లీకైంది, ఎప్పుడు మొదలైంది, బేస్‌తోపాటే ఆగిందా లేదా అన్నది రాయండి. అవును, ప్రతి బార్. తర్వాత నల్ టెస్ట్ చేసి, మిగిలిందేమిటో రాయండి. చివరగా ఎ తీగ ఖాళీగా 55 హెర్ట్జ్ కదా, అదే 8.5 అంగుళాల దగ్గర మీటితే గుంట ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, ఐదో ఫ్రెట్‌తో సరిచూడండి.

జవాబులో గిటార్ పేరు ఉంటే చదవను. యాంపుల సంగతి వచ్చే పాఠంలో.