2024 మే నాటి సౌర తుఫానును ఇంట్లోనే గీసి చూడటం ఎలా?

సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం, వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకితే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే పెద్ద ల్యాబ్ కావాలేమో అనుకుని చాలామంది మొదట్లోనే ఆగిపోతారు. ల్యాప్‌టాప్, నెట్, కాస్త ఎక్సెల్ వస్తే చాలు. మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ఒక ఆదివారం ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని చేశాను, టిఫిన్ అయ్యాక మొదలుపెడితే భోజనాల వేళకి గ్రాఫ్ చేతికొచ్చింది.

ముందు ఒక్క తుఫానునే ఎంచుకోండి, పదేళ్ల డేటా మీద పడొద్దు. 2024 మే 10, 11 తేదీలది తీసుకుంటే బాగుంటుంది, లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది అప్పుడే. నాసా వాళ్ల ఒమ్నీవెబ్ సైట్‌లో గంటవారీ డేటా ఉచితంగా దొరుకుతుంది. మే 8 నుంచి 14 వరకు సౌరగాలి వేగం, సాంద్రత, బీజెడ్, డీఎస్‌టీ అనే నాలుగు కాలమ్‌లు దించుకోండి. బీజెడ్ అంటే సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రంలో ఉత్తర దక్షిణ దిశల భాగం. అది జీఎస్‌ఈ, జీఎస్‌ఎమ్ అని దిశలను కొలిచే రెండు లెక్కల్లో కనిపిస్తుంది, మీకు కావాల్సింది జీఎస్‌ఎమ్, ఎందుకంటే ఆ లెక్కలో భూమి అయస్కాంత అక్షం వంపు కూడా కలిసి ఉంటుంది. డీఎస్‌టీ అనేది భూమధ్యరేఖకు కొంచెం అటూ ఇటూ ఉన్న నాలుగు అబ్జర్వేటరీలు భూమి క్షేత్రంలో కొలిచిన మార్పు, నానోటెస్లాల్లో (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం).

గీసే ముందు రెండు పనులున్నాయి. 9999, 999.9 లాంటి అంకెలు కనిపిస్తే అవి కొలతలు కావు, ఆ గంటకి డేటా లేదని అర్థం, తీసేయండి. టైమ్ అంతా యూటీసీలో ఉంటుంది, మనకోసం అయిదున్నర గంటలు కలపాలి. మేము మొదటిసారి ఇది మర్చిపోయి, రాత్రి జరిగిన దాన్ని సాయంత్రం జరిగిందనుకుని చాలాసేపు తికమకపడ్డాం.

ఇప్పుడు నాలుగు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి, ఒకే టైమ్ స్కేల్ మీద గీయండి. అసలు చదువు ఇక్కడే ఉంది, తొందరపడకండి. మే 10 రాత్రి మన టైమ్‌లో పదిన్నర దాటాక వేగం, సాంద్రత ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు డీఎస్‌టీ పడిపోవాలి కదా అనుకుంటాం, కానీ అది ముందు కాస్త పైకి వెళ్తుంది! సౌరగాలి మన అయస్కాంత కవచాన్ని సూర్యుడి వైపు నుంచి నొక్కేసరికి దాని అంచున ప్రవహించే కరెంటు పెరిగి, నేల మీద క్షేత్రం కొంచెం బలపడుతుంది. ఆ తర్వాత బీజెడ్ మైనస్‌లోకి, అంటే దక్షిణానికి, దిగి అక్కడే ఉండిపోయిన గంటల్లో డీఎస్‌టీ జారుతూ జారుతూ మర్నాడు ఉదయానికి సుమారు -400 దాకా వెళ్తుంది.

కారణం ఏమిటంటే, సూర్యుడికి ఎదురుగా ఉన్న అంచు దగ్గర మన క్షేత్రం ఉత్తరం వైపు చూస్తుంది, వచ్చేది దక్షిణం వైపుది అయితే రెండు రేఖలూ తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, ఆ దారిన శక్తి లోపలికి వచ్చి భూమి చుట్టూ వలయంలా తిరిగే కరెంటును పెంచుతుంది. ఈ ఆలోచనను 1961లో జేమ్స్ డంజీ చెప్పాడు. అందుకే వేగం ఒక్కటే చూసి భయపడొద్దు, ముందు బీజెడ్ చూడండి.

తర్వాత కవచం ఎంత లోపలికి నొక్కుకుపోయిందో లెక్క కట్టండి. సాంద్రతను (ఘన సెం.మీ.కి ఎన్ని ప్రోటాన్లు) వేగం వర్గంతో గుణించి, దాని ఆరో మూలంతో 107.4ను భాగిస్తే భూమి కేంద్రం నుంచి ఎన్ని భూవ్యాసార్థాల దూరమో వస్తుంది. మామూలు రోజున సాంద్రత 5, వేగం సెకనుకు 400 కి.మీ. అనుకుంటే 11 వస్తుంది. 20, 700 వేస్తే 7.3కి దిగుతుంది. మన ఇన్‌శాట్‌లు తిరిగే భూస్థిర కక్ష్య 6.6 దగ్గర ఉంది, ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. ఆరో మూలం కాబట్టి దూరం సగం కావాలంటే సౌరగాలి ఒత్తిడి (సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే వచ్చేది) 64 రెట్లు పెరగాలి, మన కవచం అంత గట్టిది. ఈ లెక్కలో బీజెడ్ ప్రభావం లేదు, అది గుర్తుంచుకోండి.

ఫోన్‌లోని కంపాస్ యాప్‌తో ఇదంతా కొలవొచ్చా అని మావాడు అడిగాడు. కుదరదు. బెంగళూరులో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు, ఇంత పెద్ద తుఫానులో కూడా మార్పు 0.4 (అంటే 400 నానోటెస్లాలు) దగ్గరే, ఫోన్‌ను కాస్త తిప్పినా అంతకంటే ఎక్కువ మారుతుంది.

మన పరికరాల డేటా కావాలంటే ఆదిత్య-ఎల్1 ఉంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లింది, దాని డేటా బెంగళూరు పక్కన బ్యాలాలులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది, ప్రదాన్ అనే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే దించుకోవచ్చు. అది ఉండే చోటు భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో ఉంది, 400 కి.మీ. వేగంతో వచ్చే గాలికి అక్కడి నుంచి ఇక్కడికి గంటకు పైగా పడుతుంది. కాబట్టి ఆ డేటాను భూమి మీది డీఎస్‌టీతో పోల్చేటప్పుడు ఆ గంట జరపండి. ఒమ్నీ డేటాలో మాత్రం వాళ్లే ముందుగా జరిపేసి ఇస్తారు, మళ్లీ జరిపితే గ్రాఫ్ తప్పిపోతుంది.