బెంగళూరు స్కూల్లో మీవాడు కుదురుకోవాలంటే
మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ళు బోలెడుమంది కదా, స్కూల్ మారిన పిల్లాడు ఇంటికొచ్చి నోరు విప్పట్లేదంటే మార్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి "లంచ్ ఎవరితో తిన్నావ్ రా" అని అడగండి, సగం విషయం అక్కడే బయటపడుద్ది. కాస్త కన్నడ నేర్పించండి, గ్రౌండ్‌లో బాగా పనికొస్తుంది.

వాడికంటూ ఒక బాధ్యత కూడా ఉండాలి. స్కూల్లో స్కౌట్స్ ఉంటే బెస్ట్, 6 నుంచి 8 మందిని ఒక చిన్న జట్టు (ప్యాట్రోల్ అంటారు) చేసి వాళ్ళలోనే ఒకడిని లీడర్‌గా పెడతారు, క్యాంప్‌లో టెంట్ దగ్గర్నుంచి వంట దాకా వాళ్ళే చూసుకోవాలి, పెద్దోళ్ళు మధ్యలో దూరరు (దూరకూడదు మరి!). కానీ చేరాలా వద్దా అన్నది వాడే తేల్చుకోవాలి, మనమే ఫామ్ నింపేసి పొమ్మంటే అది ఇంకో ట్యూషన్ అయిపోద్ది.

గొడవ పడొచ్చాడా, వెంటనే పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయకండి, ఏం జరిగింది, ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావ్ అని వాడినే అడగండి, తప్పు వాడిదైతే సారీ కూడా వాడే చెప్పాలి. "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని తాతగారన్నా సరే ఆపేయండి. టీచర్ కొడితే మాత్రం వేరే లెక్క, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం, అప్పుడు మీరే వెళ్ళి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి.