గుండెదడ భయం నడకతో తగ్గింది

రాత్రి పడుకోగానే గుండె దడదడలాడేది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష రెండూ నార్మల్. అయినా ఏదో అయిపోతుందన్న టెన్షన్. డాక్టరుగారు గుండెకు ఢోకా లేదని చెప్పి, రోజూ చెమట పట్టేలా నడవమన్నారు.

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. మొదట్లో గుండె వేగం పెరగ్గానే అదే భయం పట్టుకునేది, ఆగిపోవాలనిపించేది. ఆగకుండా, వేగం కాస్త తగ్గించి నడుస్తూనే ఉండేవాణ్ణి. కాసేపటికి దడ దానంతటదే సర్దుకునేది. గుండె వేగంగా కొట్టుకున్నంత మాత్రాన ప్రమాదం కాదని ఒంటికి అలా అలవాటైంది. నాకు అసలు పనిచేసింది ఇదే. నిద్ర కూడా కుదురుకుంది.

బరువు పెద్దగా తగ్గలేదు, మనసు మాత్రం ముందే తేలికపడింది. అందుకే రోజూ కాటా ఎక్కి దిగులుపడొద్దని మరీమరీ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం. కాస్త కాస్తగా చేసినా లెక్కే. నడకలో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి డాక్టరును కలవండి. ఎంత నడిచినా దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.